దివాన్ వీపు మీద చెయ్యి

బర్రెల బేరం చేసే సిద్దిరాములు లెక్కలో మనిషికి ఆస్తులు రెండే. ఒకటి కొట్టంలో కట్టేసి ఉండేది, ఇంకొకటి నోట్లో కట్టేసి ఉండేది. కొట్టంలోది పోతే ఏ అంగడిలోనైనా మళ్ళీ కొనుక్కోవచ్చు. నోట్లోది తెంపుకుని పోతే దాన్ని పట్టి తెచ్చేవాడు లేడు, అమ్మేవాడు అసలే లేడు. అందుకే శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా, అటు కీసర దాకా, పాలమ్ముకునే ఇళ్ళవాళ్ళు బర్రెను కొనేముందు పొదుగు చూడటం కంటే ముందు సిద్దిరాములు ముఖం చూసేవాళ్ళు.

ఆ వైపు బర్రెల బేరానికి ఒక ఆనవాయితీ ఉంది. ధర తెగిన తర్వాత, పశువు చేతులు మారేముందు, అమ్మేవాడు దాని వీపు మీద కుడిచెయ్యి ఆనించి సుళ్ళు ఎక్కడున్నాయో, తన్నుతుందో పొడుస్తుందో, మంచేమిటో చెడేమిటో చెప్పాలి. చెయ్యి వీపు మీద ఉన్నంతసేపు కళ్ళతో చూసిందే చెప్పాలి. విన్నదానికి అక్కడ చోటు లేదు. చెప్పడం అయ్యాక పశువు కొన్నవాడితో వెళ్తుంది, దాని పలుపుతాడు అమ్మినవాడి గుంజకే ఉంటుంది. సిద్దిరాములు తండ్రి అట్లానే అమ్మాడు, అతనూ అట్లానే అమ్ముతూ వచ్చాడు. ఈ రోజుల్లో చాలామంది ఫోన్‌లో వీడియో పంపి అమ్మేస్తున్నారు. వీడియోకు వీపు ఉండదు, చెయ్యి ఎక్కడ పెడతారని అతని వాదన.

అతని దగ్గర దివాన్ అని ఒక దున్నపోతు ఉండేది. తల్లితోపాటు దూడగా వచ్చి, ఈ కొట్టంలోనే పెరిగి, తలుపు చాలనంత అయింది. నల్లగా నిగనిగలాడుతూ, ఉంగరాల్లా తిరిగిన కొమ్ములతో చూడముచ్చటగా ఉండేది. అయితే దాని తిండి ఖర్చు బర్రెల పాల మీద పడుతోంది. పైగా కొట్టం ఉన్న జాగా కౌలుది. జాగా యజమాని ప్లాట్లు చేయడానికి హద్దురాళ్ళు పాతేశాడు, దీపావళి దాటగానే ఖాళీ చేయమన్నాడు. దీపావళి మరుసటి రోజు సదర్ పండుగ. దున్నపోతుకు పూలదండలు వేసి, గజ్జెలు కట్టి, డప్పులతో ఊరేగించే ఆ పండుగకు ముందే దివాన్‌ను మంచి ధరకు అమ్మితే, కీసర దగ్గర వేరే జాగా పట్టి బర్రెలన్నింటినీ అక్కడికి తోలుకుపోవచ్చు. మామూలు ధరకు పోతే సగం బర్రెల్ని అమ్ముకుని మిగతా సగంతో సర్దుకోవాలి. పండుగ దాటితే మామూలు ధర కూడా రాదు.

ధర పెరగాలంటే నలుగురికీ తెలియాలి. నలుగురికీ తెలియాలంటే ఫ్లెక్సీ కట్టాలి. దివాన్ ఫొటో పట్టుకుని మేడ్చల్‌లో హరీష్ అనే కుర్రవాడి ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళాడు.

"కాకా, ఫొటో మస్తుగ వచ్చింది," అన్నాడు హరీష్ కంప్యూటర్‌లో దివాన్‌ను అటూ ఇటూ జరుపుతూ. "దివాన్ అని ఉత్త పేరు వెడితే బోడిగ ఉంటది. ముంగట 'లెజెండరీ' అని పెడ్త."

"అంటే ఏందిరా?"

"అంటే... పెద్దోడు అన్నట్టు."

"పెద్దగున్నడని ఫొటోల కనవడ్తలేదా? మల్ల రాసుడెందుకు?"

"గా పెద్ద గాదు కాకా, పేరుకు పెద్ద. ఈ వారంల ఎన్ని కొట్టిన్నో! ఒక లీడర్ బర్త్‌డేకు కొట్టిన. ఒక చాయ్ హోటల్‌కు కొట్టిన. ఒక ముసలాయన దశదినకర్మకు కొట్టిన. అన్నిట్ల గిదే మాట. ఒక్కరు గూడ వాపస్ తేలే."

"బతికున్నోనికి, సచ్చినోనికి, చాయ్‌కి... అందరికీ ఒక్కటే మాటనా?"

"గదే గద కాకా దాని గొప్ప. ఎవలకు తొడిగినా సరిపోతది."

సిద్దిరాములుకు అక్కడే చిక్కుపడింది. అతని వ్యాపారంలో చూడి బర్రెను చూడిదంటారు, ఒట్టిపోయినదాన్ని ఒట్టిపోయిందంటారు. ఎవరికి తొడిగినా సరిపోయే మాట ఎవరి కొలతకు కుట్టినట్టు? కానీ ఆ మాటకు వేరే పైసలు తీసుకోనన్నాడు హరీష్. ఊరికే వచ్చేదాన్ని వద్దనడం వ్యాపారం కాదు గనుక సిద్దిరాములు సరేనన్నాడు. అయితే దారి పొడుగునా ఆ మాట పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

ఇంటికి రాగానే డిగ్రీ చదివే కూతురు ప్రణీతను అడిగాడు. ఆ పిల్ల అన్నం తింటూ ఆలోచించి చెప్పింది.

"లెజెండ్ అంటే పాత కత నాయినా. పెద్దోళ్ళు చెప్పుకుంట వచ్చిన కత. అసొంటి కతలల్ల ఉండేటోళ్ళను, ఆ కతలల్ల జరిగిన సంగతులను లెజెండరీ అంటరు. అండ్ల కొంచెం నిజముంటది, కొంచెం కలిపింది ఉంటది. ఇప్పుడైతే బాగ పేరొచ్చినోళ్ళను గూడ అంటున్నరు."

"కలిపింది అంటే? పాలల్ల నీళ్ళ తీరా?"

"గట్లనే అనుకో."

"ఎంత కలుపుతరు?"

"గది చెప్పరాదు నాయినా. ఎంత కలిపిన్రో తెలిస్తే అది చరిత్ర అయితది, లెజెండ్ ఎందుకయితది?"

అన్నం వడ్డిస్తున్న భార్య సత్యమ్మ గరిటె పక్కన పెట్టింది. "ఇన్నేండ్ల సంది ఇంటింటికి చిక్కటి పాలు పోసి, పోయి పోయి నీళ్ళు కలిపిన మాటను బోర్డు మీద ఏపిచ్చుకొచ్చినవా అయ్యా? శానా తెలివిగల్లోనివి."

"మరి మన దివాన్ ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు సిద్దిరాములు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

"కొట్టంల పేడ ఎత్తిపో, ఉన్నడో లేడో తెలుస్తది," అంది సత్యమ్మ.

మర్నాడు ఫ్లెక్సీ కట్టారు. దాంతో జనం రావడం మొదలైంది. ముందు చూడటానికి వచ్చారు, తర్వాత పిల్లల్ని తీసుకుని వచ్చారు, తర్వాత పసుపు కుంకుమలు తెచ్చి దివాన్ నుదుట పెట్టారు. వచ్చినవాళ్ళు ఊరికే చూసిపోరు. అంత పెద్ద మాట రాసినప్పుడు దాని వెనుక ఏదో ఉండాలి కదా, అదేమిటో చెప్పమంటారు. వెతికితే ఒకటి దొరికింది.

ఆ మధ్య పెద్ద వానలు పడి శామీర్‌పేట చెరువు నిండి అలుగు పొర్లి మత్తడి దుంకినప్పుడు సిద్దిరాములు చిన్నమ్మ బుచ్చవ్వ వాగు పక్కన గడ్డి కోస్తోంది. దివాన్ అప్పుడు ఎదుగుతున్న దున్న, ఆమె వెంటే మేస్తోంది. నీళ్ళు ఒక్కసారిగా పొంగాయి. చీకటి పడేలోపు దివానూ బుచ్చవ్వా ఇద్దరూ ఇల్లు చేరారు. దివాన్ తోక పట్టుకుని వచ్చానని బుచ్చవ్వ చెప్పింది.

ఫ్లెక్సీ కట్టాక ఆ కత కూడా దివాన్ లాగే ఒళ్ళు చేసింది. మొదట దివాన్ ఆమెను గుంజుకొచ్చింది. వారం తిరగకముందే ఆమెతోపాటు ఇద్దరు పిల్లల్ని కూడా వీపు మీద ఎక్కించుకొచ్చింది. ఆ తర్వాత బొమ్మరాసిపేట వైపు నుంచి వచ్చిన ఒకాయన, కొట్టుకుపోతున్న ఆటోకు దివాన్ అడ్డం నిలబడిందని సిద్దిరాములుకే వివరంగా చెప్పిపోయాడు.

"నిజమేనా సిద్దిరాములన్నా?" అని అడిగేవాళ్ళు.

"మా చిన్నమ్మనడుగుండ్రి," అనేవాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. అనకపోవడం అబద్ధం కిందికి రాదని లెక్క వేసుకున్నాడు. రాత్రి పడుకుంటే మాత్రం ఆ లెక్క సరిపోయేది కాదు.

పండుగ దగ్గర పడుతుండగా బహదూర్‌పల్లి నుంచి మాధవీలత వచ్చింది. ఒకప్పుడు సర్పంచ్‌గా చేసిన మనిషి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతుంది, వచ్చే ఎన్నికల మీద కన్నుంది. తెల్ల కారు దిగి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, పేడలో అడుగు పడుతున్నా పట్టించుకోకుండా నేరుగా దివాన్ దగ్గరికి వచ్చింది. వచ్చీ రాగానే దాని చెవి వెనక గోకిన తీరుకే సిద్దిరాములుకు అర్థమైంది, ఈమె బర్రెల ఇంట్లో పుట్టిన మనిషని.

"బోర్డు జూసి వచ్చిన అన్నా. లెజెండరీ అని రాయించినవ్."

"ఔ అక్క. గా ఫ్లెక్సీ పిల్లగాడు..."

"మేం గూడ రాస్తం. మా వెంచర్ కాయితాల మీద 'లెజెండరీ లివింగ్' అని ఉంటది. బోరు వడని జాగను గూడ గట్లనే అమ్మినం. గందుకే అడుగుతున్న. నా మాట సంగతి నాకెరుక. నీ మాట ఎసొంటిది?"

సిద్దిరాములు వంగి దివాన్ ముందు గడ్డి సర్దాడు. ఆమే అందుకుంది.

"సదర్‌కు మా గల్లీల ఇంకొకాయన దున్నను తెచ్చిండు. గది దీనికంటె ఎత్తు, దీనికంటె బరువు. ఎత్తుల బరువుల నేను పోటీ వడను. నాకు మనిషి పానం కాపాడిన దున్న గావాలె. ముసలామెను నీళ్ళల్లకెళ్ళి గుంజుకొచ్చిన మాట నిజమైతే నువ్వన్న ధర నాకు ఖుషీ. కాకపోతే మామూలు దున్న ధర. రేపు పొద్దుగాల్ల వస్త. వీపు మీద చెయ్యేసి చెప్పాలె. మా నాయిన గట్లనే కొనేటోడు."

కారు వెళ్ళిపోయింది. సత్యమ్మ కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. "ఏం చెప్తవయ్యా?"

"తెలుస్తలేదు."

"సగం బర్రెలు పోతయి."

"ఎరుకే."

"అందరు చెప్తాన్రు గద అది గుంజిందని. నువ్వొక్కనివి అంటే ఏం పోయింది?"

అతను బుచ్చవ్వ ఇంటికి నడిచాడు. వెనక గల్లీలోనే ఆమె ఇల్లు. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అతనూ కూర్చుని రెండు కాయలు తీసుకుని ఒలవసాగాడు.

"చిన్నమ్మా, ఒక్క ముచ్చట సాఫ్‌గ చెప్పు. ఆ దినం దివాన్ నిన్ను గుంజిండా, నువ్వు దివాన్‌ను గుంజినవా?"

బుచ్చవ్వ చేతిలో కాయ అట్లాగే ఆగిపోయింది. "ఏమో కొడుకా."

"ఏమో అంటే ఎట్ల? నీళ్ళల్ల ఉన్నది నువ్వు."

"నీళ్ళల్ల ఉన్నోళ్ళకు ఏం కనవడ్తది? కండ్లల్ల నీళ్ళు, ముక్కుల నీళ్ళు. తోక నా చేతిల ఉండె. అది బెదిరి లోపలికి పోతుంటె నేనే ఎనకకు గుంజిన్నో, నేను పోతుంటె అదే గుంజిందో. కాళ్ళకు నేల తగిలినంక సూస్తే ఇద్దరం ఒడ్డుకున్నం."

"మరి అందరికి ఏమని చెప్పినవ్?"

"తోక వట్టుకొని వచ్చిన అని చెప్పిన. గంతే. మిగిలింది వాళ్ళే చెప్పిన్రు. వాళ్ళు చెప్పంగ చెప్పంగ నాకు గూడ గట్లనే అయినట్టు అనిపిస్తాంది రాములూ. ఇప్పుడు కండ్లు మూసుకుంటే అది ఈదుకుంట నన్ను తెచ్చుడే కనవడ్తది. గప్పుడైతే ఏం కనవడలే."

సిద్దిరాములు ఒలిచిన గింజల్ని తొక్కల్లో వేశాడు, తొక్కల్ని గింజల్లో వేశాడు. బుచ్చవ్వ విసుక్కుని చాట తన వైపు లాక్కుంది.

"గుంజింది ఎవలైతేందిరా? ఇద్దరం బతికినం గద."

"ధరల ఫరక్ వడ్తది చిన్నమ్మా."

ఆ దినం అతను చూసింది ఏమిటో అతనికి బాగా గుర్తుంది. వాన వల్ల మేడ్చల్‌లో ఆగిపోయి, తడుస్తూ ఇంటికి వచ్చేసరికి కొట్టం ముందు వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు. దివాన్ వణుకుతోంది. బుచ్చవ్వ వణుకుతోంది. ఆమె పిడికిట్లో తోక అట్లాగే ఉంది. వదలమంటే వేళ్ళు రావట్లేదు. ఒక్కొక్క వేలే అతనే విప్పాడు. అంతకు ముందుది అతను చూడలేదు. చూడనిదాన్ని చూశానంటే బర్రెలన్నీ మిగులుతాయి. చూసిందే చెబితే సగం పోతాయి. చూసి చెప్పాల్సిన మనిషేమో 'ఏమో' అంటోంది.

తెల్లవారి మాధవీలత అన్న వేళకే వచ్చింది. వాడకట్టు జనం కూడా వచ్చారు. దివాన్‌కు నూనె పెట్టి తోమడంతో వీపు అద్దంలా ఉంది. సిద్దిరాములు కుడిచెయ్యి ఆనించాడు. లోపల ఊపిరి ఆడుతున్నది అరచేతికి తెలుస్తోంది.

"సుడి నుదుట ఒక్కటే, మంచిది. ఎడమ కొమ్ముకు చిన్న పగులుంది, రంగు కింద కనవడదు. పొడవదు, తన్నదు. పటాకుల చప్పుడయితె ఎడమకు జరుగుతది, గటుదిక్కు ఎవల్ని నిలబెట్టకుండ్రి."

"ఇంక?" అంది మాధవీలత.

"ఇంక... మత్తడి దుంకిన దినం నేను ఇంటికాడ లేను. నేనొచ్చేసరికి దివాన్ తడిసి ఉండె, మా చిన్నమ్మ తడిసి ఉండె. దీని తోక ఆమె చేతిల ఉండె. చేతి ఏళ్ళు రాకపోతే నేనే ఒక్కొక్కటి ఇప్పిన. నీళ్ళల్ల ఏమైందో నేను జూడలే."

జనంలోంచి అయ్యో అన్న చప్పుడు వచ్చింది. సత్యమ్మ తల తిప్పుకుంది. మాధవీలత అప్పుడే అక్కడికి వచ్చిన బుచ్చవ్వ వైపు చూసింది. "అవ్వా, నువ్వేమంటవ్?"

"నా యాదిల లేదు బిడ్డా," అంది బుచ్చవ్వ.

మాధవీలత దివాన్ తోక చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు ఏ రకానిదో సిద్దిరాములుకు అంతు పట్టలేదు. మామూలు దున్న ధరే ఇచ్చింది. దివాన్ కొత్త తాడుతో బండి ఎక్కింది, పాత పలుపు గుంజకు ఉండిపోయింది. కొట్టంలో సగం బర్రెల్ని ఆ వారంలోనే తోలేయాల్సి వచ్చింది. అయినా నోట్లోది చెక్కుచెదరకుండా మిగిలిందని లెక్క చూసుకున్నాడు. నష్టం ఎంతో తెలిసిన నష్టం కాబట్టి నిద్ర పట్టింది.

దీపావళి మరుసటి సాయంత్రం సదర్ చూడటానికి సత్యమ్మనూ బుచ్చవ్వనూ వెంటబెట్టుకుని బహదూర్‌పల్లి వెళ్ళాడు. డప్పులు దంచుతున్నారు. దివాన్ వచ్చింది. మెడ కనిపించకుండా బంతిపూల దండలు, కొమ్ములకు నెమలీకలు, కాళ్ళకు గజ్జెలు. దాని వెనక ట్రాక్టర్ మీద మైకు పట్టుకున్న మనిషి గొంతు చించుకుంటున్నాడు.

"వచ్చిండు వచ్చిండు, మన మాధవక్క దివాన్! లెజెండరీ దివాన్! శామీర్‌పేట మత్తడి నీళ్ళల్లకెళ్ళి ముసలవ్వను గుంజుకొచ్చిన దివాన్! ఉత్తముచ్చట అనుకుంటున్రా? అమ్మిన సిద్దిరాములు వీపు మీద చెయ్యేసి చెప్పిండు! పుట్టినకాడికెళ్ళి అబద్ధమాడని సిద్దిరాములు! అవ్వ ఏళ్ళు తోకకెళ్ళి నా చేతులతోనే ఇప్పిన అని చెప్పిండు!"

ఈలలు మోగాయి. సిద్దిరాములు సత్యమ్మనూ బుచ్చవ్వనూ అక్కడే ఉండమన్నాడు. జనాన్ని తోసుకుంటూ మాధవీలత దగ్గరికి పోయాడు.

"అక్కా, గదేంది? నేను గట్ల చెప్పలే గద!"

"నేను గూడ గట్ల చెప్పలే అన్నా," అంది ఆమె, డప్పుల చప్పుడులో చెవి దగ్గరికి వంగి. "నువ్వు చెప్పిందే చెప్పిన. ఏళ్ళు ఇప్పిన సంగతి చెప్పిన, జూడలేదన్న సంగతి గూడ చెప్పిన. ఇంత నిజాయితీగల్లోడు, గుంజకపోతే ఏళ్ళ ముచ్చట ఎందుకు తీస్తడు అని వాళ్ళే కలుపుకున్నరు. నేనేం జేయాలె?"

"మరి మామూలు ధరకే..."

మాట సగంలోనే మింగాడు. ధర గురించి ఇప్పుడు అడిగితే ఏ మాటకు ధర అడిగినట్టు? తను చెప్పిందానికా, చెప్పనిదానికా? అబద్ధమాడలేదు కాబట్టే ఈ అబద్ధం ఇంత బాగా నిలబడింది. అప్పుడే అబద్ధమాడి ఉంటే ధర వచ్చేది, ఎవరూ ఇంతగా నమ్మేవాళ్ళు కాదేమో. ఎటు నుంచి కూడినా లెక్క తేలట్లేదు.

ఎక్కడో పటాకుల సరం పేలింది. దివాన్ ఒక్కసారిగా ఎడమకు జరిగింది. అటు వైపు నిలబడ్డవాళ్ళు కెవ్వుమని వెనక్కి దూకారు, మరుక్షణం చేతులెత్తి దండం పెట్టారు. "దివాన్ సలాం కొట్టిండు!" అన్నాడు మైకు మనిషి. వీపు మీద చెయ్యేసి చెప్పినవాటిలో ఆ ఒక్కటి మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

తిరిగి వచ్చేసరికి బుచ్చవ్వ చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరి ఉన్నారు. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. సిద్దిరాములు అంగీ అంచు పట్టుకుని పక్కకు లాగింది.

"రాములూ, నువ్వు జూసినవట గదరా! మరి గా దినం నన్నెందుకడిగినవ్? నా పానం ఆగుతలేదు, చెప్పు. దివానే నన్ను గుంజిండా?"

"నేను జూడలే చిన్నమ్మా. మీ ఇద్దరు వచ్చినంకనే నేను జూసిన."

బుచ్చవ్వ అతని ముఖంలోకి తేరిపార చూసింది. ఆ చూపులో కోపం లేదు, నొచ్చుకున్న మనిషి చూపు అది.

"పుట్టినకాడికెళ్ళి అబద్ధమాడలేదని మైకుల చెప్పిన్రు గద కొడుకా," అంది. "ఒక్క నాకాడికే వచ్చి అబద్ధం జెప్తవా?"